పేరు లేని సీసా

ఆ రోజు ల్యాబ్‌లో ఉన్నది నోమలంగ, ఆమెతో పనిచేసే భెకాని, వరండాలో కాపలా కాసే జుంగు బాబాయ్, ఇంకా మంచుపొగలు కక్కే డబ్బాలోంచి అప్పుడే పైకి తీసిన ఒక చిన్న సీసా.

సీసా మీద పేరు లేదు. నంబరు మాత్రమే ఉంది.

క్షయతో చెడిపోయిన ఒక ఊపిరితిత్తిని డర్బన్ డాక్టర్లు కోసి తీసినప్పుడు, అందులో ఒక ముక్క నుంచి వేరుచేసి దాచిన కణాలవి. పరిశోధనకు వాడుకోండని ఆ మనిషే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు.

ఇదే ఆఖరి సీసా.

"మళ్లీ అడుగుదామన్నా ఇచ్చే మనిషి లేడు," అంది నోమలంగ, సీసాను గోరువెచ్చని నీళ్లలో తిప్పుతూ. "ఇది పాడైతే నా చదువంతా గంగలో కలిసినట్టే."

"ముందా వణుకు ఆపు సిసి. కణాలు కరిగిస్తున్నావా, మజ్జిగ చిలుకుతున్నావా?" అన్నాడు భెకాని. అక్కని వాళ్ల జులూలో సిసి అంటారు.

"నోర్మూసుకుని చూసి చెప్పు, ఎన్ని బతికాయో."

భెకాని మైక్రోస్కోపు మీదికి వంగాడు. లేచేసరికి మొహంలో నవ్వు లేదు.

"సగం పోయాయి."

నోమలంగ మిగిలిన సగాన్నే ట్యూబులోకి ఎత్తింది.

ఊపిరితిత్తిలో కాపలా కణాలు రెండు రకాలు. రక్తంతో వచ్చిపోయే చుట్టాలు కొన్ని. అక్కడే కాపురం పెట్టి కదలని ఇంటివాళ్లు కొన్ని. చూడ్డానికి రెండూ ఒకటే. ఒంటిమీది గుర్తులే తేడా.

ఆ గుర్తుల్ని వెతుక్కుంటూ పోయి అంటుకునే రంగులున్నాయి. క్షయ తినేసిన చోట ఇంటివాళ్లెవరైనా మిగిలారా అన్నదే నోమలంగ వెతుకులాట.

ఆ రంగులకు వెలుగు పడదు. అందుకే కిటికీకి నల్లగుడ్డ కట్టి, లైట్లార్పి, చీకట్లోనే కణాల మీద రంగు చుక్కలు వేసింది.

అప్పుడే తలుపు బార్లా తెరుచుకుంది.

వరండాలోని ఎండంతా లోపలికి దూకింది.

"తలుపు! తలుపెయ్యండి!" నోమలంగ ట్యూబుని కోటు లోపలికి దాచుకుంది.

గుమ్మంలో ఒక ముసలామె. తలనుంచి మోకాళ్లదాకా శాలువా.

"గోగో, అవ్వా, ఇక్కడికి రాకూడదు. వార్డులు అటువైపు," అన్నాడు భెకాని.

ఆమె పలకలేదు.

"ఎవరు కావాలి?"

ఆమె చూపు గదంతా వెతుకుతోంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"చెవుడేమో పాపం," అన్నాడు భెకాని.

"చెవుడైతే కళ్లకేమైంది? బోర్డు కనపడట్లేదా? గోగో, నా రంగులు చచ్చిపోతున్నాయి, అడుగు వెనక్కెయ్!"

ముసలామె అడుగు ముందుకు వేసింది.

"జుంగు బాబాయ్! కాపలా కాస్తున్నావా, కునుకు తీస్తున్నావా?"

జుంగు టోపీ సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "గేటు దగ్గరా ఇదే తంతమ్మా. పేరడిగితే చెప్పదు, ఊరడిగితే చెప్పదు. మూగదేమోనని జాలిపడి వదిలాను."

"అంత జాలైతే మీ ఇంటికి తీసుకెళ్లి టీ పొయ్యి!"

ఇక ఆగలేక నోమలంగే వచ్చి, ఒక చేత్తో ముసలామె భుజం పట్టి బయటికి నెట్టింది. తలుపు వేసి గడియ పెట్టింది.

బయట కాసేపు ఏదో గొణుగుడు వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

"పాడయ్యాయంటావా?" అంది చీకట్లో.

"యంత్రమే చెప్పాలి," అన్నాడు భెకాని.

యంత్రంలో కణాలు ఒక్కొక్కటిగా లేజరు ముందు నుంచి జారుతుంటే, తెర మీద చుక్కలు పడసాగాయి. ముందు చుట్టాలు. తర్వాత అన్నీ చుట్టాలే. నోమలంగ గోళ్లు కొరుక్కుంది.

ఉన్నట్టుండి పైమూలన కొన్ని చుక్కలు గుంపుకట్టాయి.

"అదిగో!" భెకాని బల్ల చరిచాడు. "వచ్చారు సిసి, ఇంటివాళ్లు!"

నోమలంగకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది.

పొద్దు వాలకముందే ఆమె వ్యాన్ల స్టాండుకు బయల్దేరింది. ఇంటికెళ్లే ఉమ్లాజి వ్యాను కోసం నడుస్తుంటే, దూరాన ఉన్న నోంగోమాకు వెళ్లే వ్యానులో, తలుపు పక్కనే ఆ ముసలామె కనిపించింది.

అంత సంతోషంలోనూ నోమలంగకు ఆ భుజం గుర్తొచ్చింది. ఎంత సన్నటి భుజం! క్షమించమని ఒక్క మాట చెప్పాలనిపించింది. ముసలామె పక్కన సీటు ఖాళీగా ఉంది. ఒక కాలు మెట్టు మీద పెట్టింది.

"ఎక్కడెక్కుతావ్ సిసి? బండి నిండింది," అన్నాడు కండక్టరు.

"అదిగో, సీటుందిగా?"

"అక్కడ మనిషున్నాడు. దిగు."

నోమలంగ సీటు వైపు చూసింది. సీటు మీద ఒక ముళ్ల కొమ్మ, ఆకులు ఇంకా పచ్చగా ఉన్నాయి. దాని మీద కప్పి ఉంది ఆమె శాలువా.

నోమలంగ మెట్టు మీది కాలు వెనక్కి తీసుకుంది.

తన నాయనమ్మ ఆస్పత్రిలో పోయినప్పుడు పెదనాన్న ఇలాంటి కొమ్మే పట్టుకెళ్లి ఆమె ఆత్మను ఇంటికి పిలుచుకొచ్చాడు. బండిలో పక్క సీటు ఆమెకే వదిలారు. ఇల్లు చేరేదాకా పెదనాన్న నాయనమ్మతో తప్ప ఎవరితోనూ నోరు విప్పలేదు.

ముసలామె నోమలంగను చూసింది. కొమ్మ మీదికి వంగింది.

"వార్డులో పిలిస్తే సగమే వచ్చావు. మిగతా సగం ఆ మంచుడబ్బాల గదిలో ఉందన్నారు. తలుపు వేసేసినా, బయట నిలబడి పిలిస్తే వచ్చావు కదా వుసుముజీ. ఆ పిల్ల మీద కోపం పెట్టుకోకు. పద నాన్నా, ఇంటికి."

పొద్దుటి నుంచి తాను కణం కణంగా గుర్తుపట్టిన మనిషికి ఒక పేరుందనీ, తాను భుజం పట్టి నెట్టింది అతని తల్లినేననీ నోమలంగకు తెలిసేసరికి, కండక్టరు ఆమె ముఖం మీదే తలుపు లాగేశాడు.