నకలు తీయని పట్టాలు

కలెక్టరు గారికి మాలకొండమ్మ చెప్పి రాయించే అర్జీ.

ఉప్పుగాలికి మా ఊరి ఆఫీసు కంప్యూటరు చెడిపోయింది. ఇంకో మిషన్లో దాచిన నకళ్లు తీసి చూస్తే, సంతకాలు పెట్టినోళ్ల ఇంటి పట్టాలు ఉండాయి, వేలిముద్రలేసినోళ్లవి లేవు. వేలిముద్ర కనపడాలని ఆ పట్టాలు ఫోటోలు తీసి పెట్టినారంట, అవి చోటెక్కువ తింటాయంట. వాటిని వదిలేసి మిగతావే నకలు తియ్యమని కంప్యూటరుకు ఎవరో ముందే చెప్పిపెట్టినారంట.

మా కాగితాలు తుపాను నీళ్లలో పోయినాయి. పట్టా చూపకపోతే రేపు వేలిముద్రలేసిన మా ముప్పై ఇళ్లు కూలుస్తామన్నారు. మేం దొంగలం కాదు. వదిలేసినోళ్లను అడగండి.

దుర్గా, చెయ్యి ఆపబాక. కంప్యూటరుకు ఆ మాట చెప్పింది ఆ ఆఫీసులో పనిచేసే నా మనవరాలు దుర్గేనని నీ చేత్తోనే రాయి. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుందువులే. ముప్పై కొంపలు ఎక్కడ వెతికేది?