నాబోర్‌కి ఏ రొట్టె?

"చిన్న రొట్టెలా, పెద్దవా?" బుట్ట మీద గుడ్డ తీస్తూ అడిగింది కాస్టులా అవ్వ.

"చిన్నవి," అంది ఒటిలియా.

"పెద్దవి," అన్నాడు పక్కనే ఉన్న ఆమె మొగుడు ఫిడెన్సియో.

అవ్వ నవ్వింది. "బాగుంది సంబడం! ఇంతకీ ఎవరికి?"

"మా అబ్బాయికి. నాబోర్."

మెక్సికోలోని ఒకోట్లాన్ సంతంతా బంతిపూలే. పోయినవాళ్లు ఏడాదికోసారి ఇంటికొచ్చి, ఆకలి తీర్చుకుని వెళ్లే రోజులవి. తాతల నాటి నుంచీ పద్ధతి ఒక్కటే. నవంబరు ఒకటిన పిల్లలొస్తారు, రెండున పెద్దలు. పిల్లలకి చిన్న రొట్టె, పాలు, బొమ్మలు. పెద్దలకి పెద్ద రొట్టె, మెస్కాల్ సారా. ఇవన్నీ ఇంట్లో పోయినవాళ్ల ఫోటోలుంచిన పీఠం మీద పెడతారు. రోజు తప్పితే వచ్చినవాడు ఖాళీ పీఠం చూసి పస్తుతో వెనక్కి పోతాడు. ఒటిలియా భయమంతా అదే.

"మీసాలొచ్చినవాడికి పాలగ్లాసు పెడతావటే?" అన్నాడు ఫిడెన్సియో.

"నువ్వు చూశావా మీసాలు?"

అతని సంచిలో కొత్త తోలుచెప్పులున్నాయి. పొద్దున కొట్లో తన కాలికే తొడిగి చూసి కొన్నాడు. ఆమె సంచిలో బొంగరం ఉంది.

మొగుడూ పెళ్లాల మధ్య వేలు పెట్టకూడదని అవ్వకి తెలుసు. కానీ బేరం పోయేలా ఉంది.

"తల్లికి కొడుకెప్పుడూ చంటాడేలే అయ్యా. పోనీ, రెండు రోజులూ పెట్టండి."

"ఒక్క మనిషి రెండుసార్లు చస్తాడా అవ్వా?" అంది ఒటిలియా. ఆ గొంతులో కోపం లేదు, దుఃఖమూ లేదు. ఆమెకి ఏడుపు ఎండిపోయి చాలాకాలమైంది.

ఫిడెన్సియో తల దించుకున్నాడు. "పన్నెండేళ్లు వాడి ఫోటో పీఠం ఎక్కనివ్వలేదు. ఈ ఏడు ఒప్పుకున్నావు, అదే పదివేలు. చిన్నదే ఇవ్వవ్వా."

"వద్దు, పెద్దదే ఇవ్వు," అంది ఆమె. "ఆకలి మీదొస్తే చిన్నది చాలదు."

అవ్వ ఇద్దరినీ చూసి, చిన్నదొకటి, పెద్దదొకటి సంచిలో పడేసింది.

ఇంటికొచ్చాక ఒటిలియా గుమ్మం నుంచి పీఠం దాకా బంతిరేకులు జల్లింది. సాంబ్రాణి వేసింది. ఫిడెన్సియో తల్లిదండ్రుల ఫోటోల పక్కన నాబోర్ ఫోటో పెట్టింది. బడి దుస్తులు, ముందుపన్ను లేని నవ్వు. కాసేపు అలాగే చూస్తూ నిలబడింది. తర్వాత ఫోటో తీసి, చేత్తో తుడిచి, మళ్లీ పెట్టెలో దాచేసింది. రెండు రొట్టెలూ పళ్లెంలో పెట్టి, భోజనాల బల్ల మీద మూత వేసి ఉంచింది.

ఫిడెన్సియో కొత్త చెప్పులు తెచ్చి గుమ్మం పక్కన పెట్టాడు.

"తలుపు గడియ వెయ్యనా?" అన్నాడు.

"ఎప్పుడైనా వేశామా?"

పన్నెండేళ్ల కిందట బడికెళ్లిన నాబోర్ ఇంకా ఇంటికి రాలేదు.