పురికొస గీత

"ఆ అడవిలకు పోయి జ్వరం అంటించుకుంటే నేనేం గావాలె బిడ్డా?"

ఇంకా ఎవరూ ఎక్కడికీ బయలుదేరలేదు. అయినా అన్నపూర్ణమ్మకు పొద్దుటి నుంచీ అదే గుబులు. కూతురు వాసవికి పుట్టుకతోనే చూపు లేదు. చింతలనార్ చుట్టుపక్కల అడవి ఊళ్ళలో మలేరియా మీద పరిశోధన చేస్తోంది. జ్వరాల లెక్కల గీత ఇంకా పైకే పోతుంటే, తోటి పరిశోధకురాలు ఊర్మిలతో జీపులో వెళ్ళి తీరాలంది. దిగుతుంటే అక్కర్లేదంది.

ఏళ్ళుగా అలాంటి గీతల్ని కూతురి వేళ్ళకు అందించేది తల్లే. ఊర్మిల పంపిన బొమ్మను అట్ట మీద అంటించి, కొంటాలోని తమ కిరాణాకొట్లో పొట్లాలు కట్టే పురికొసను గీత వెంట జిగురుతో అతికిస్తుంది. కంప్యూటర్ సంగతులు ఆమెకు పట్టవు. చూపులేనివాళ్ళకని వాసవి అందులో ఏదో కొత్తది పెట్టించుకుంది. నిన్న సాయంత్రం ఊర్మిల పంపిన లెక్కలు తెరిస్తే, అది సన్నగా మొదలై అంతకంతకూ కీచుమంది.

"ఏందా దోమ కూత, ఆపు" అని అన్నపూర్ణమ్మ కసిరింది. వాసవి ఆపేసి, అటక మీది దోమతెర దించమంది.

ఈ ఉదయం బొమ్మ వచ్చింది. గీత కొండెక్కుతున్నట్టుంది. అన్నపూర్ణమ్మ పురికొసను సగందాకా ఉన్నదున్నట్టే అతికించింది. ఆపైన చెయ్యి దానంతటదే కిందికి వంగింది.

వాసవి వేలు పురికొస వెంట ఎక్కి, దిగి, అక్కడే ఆగింది.

"తగ్గిందమ్మా. ఇంక నీకు భయం లేదు గద. పోయొస్త."

"తగ్గితే పోనంటివి?"

"అక్కర్లేదన్న గని, పోనన్లే. ఊర్మిల ఒక్కతే ఎట్ల పోతది?"

అన్నపూర్ణమ్మకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే పోయి తీరుతుంది. చెప్పకపోతే జ్వరమే లేదనుకుని ఒళ్ళు మరిచి తిరుగుతుంది. వీధిలో జీపు హారన్ మోగింది. వాసవి సంచి భుజానికి తగిలించుకుంది.

"అది తగ్గలే బిడ్డా. పురికొసను దించింది నేనే."

హారన్ మళ్ళీ మోగింది. వాసవి చేతికర్ర అందుకున్నదల్లా పక్కన పెట్టి, తల్లి పక్కనే కూలబడి, జిగురంటిన ఆ వేళ్ళను ఒక్కొక్కటే తడిమింది.

"నిన్న నువ్వు ఆపమన్న దోమ కూత, ఈ గీతేనమ్మా. గీత ఎక్కినకొద్ది కూత ఎక్కుతది."