ఇంగ్లీషోడు పెట్టిన పన్ను

“ఓటీపీ వచ్చింది, రావు సాబ్. జర చెప్పుండ్రి,” అన్నాడు ఆడిటర్ కరుణాకర్, కీబోర్డు మీద వేళ్లు సిద్ధంగా పెట్టుకుని.

“చెప్ప,” అన్నాడు దామోదర్‌రావు. ఫోన్‌ను అంగీ జేబులో వేసుకుని పైన చెయ్యి కూడా అడ్డం పెట్టాడు. “ముందుగాల నాకు జవాబు చెప్పు. నేను కష్టపడి సంపాయించుకున్న దాంట్ల సర్కారుకు వాటా ఎట్ల వచ్చింది? ఏ కానూన్ కింద?”

పక్క కుర్చీలో ఉన్న ఆయన భార్య లీలాబాయి కళ్లు మూసుకుని తెరిచింది. తమ ఊరు బోథ్ నుంచి ఆదిలాబాద్ దాకా బస్సులో ఈ ప్రశ్నే విన్నది. కండక్టరు కూడా విన్నాడు, పాపం.

కూతురు ప్రణతికి నాగపూర్‌లో ఫార్మసీ సీటు వచ్చింది. ఫీజుకు బ్యాంకు లోను కావాలి, లోనుకు తండ్రి ఆదాయపు పన్ను రిటర్ను కావాలి. ఆ తండ్రేమో ఇన్నేళ్లూ రిటర్ను అనే మాటనే గడప తొక్కనివ్వలేదు.

“ఇగో, ఇయ్యాల సాయంత్రంలోపల కాగితం ఇయ్యకుంటె లోను లేదన్నడు మేనేజరు. పిల్ల సీటు పోతది. మీ వాదన రేపు పెట్టుకోండ్రి,” అన్నది లీలాబాయి.

“పిల్ల సీటు వేరు, నా ఉసూల్, నా సిద్ధాంతం వేరు.”

కరుణాకర్ ఓపికగల మనిషి. “రాజ్యాంగంల రెండు వందల అరవై ఐదో అధికరణం ఉన్నది, సాబ్. చట్టం లేకుండ పన్ను వెయ్యొద్దంటది. చట్టం ఉన్నది గన్క వేస్తున్నరు.”

“ఆ చట్టం ముందు ఎవడు తెచ్చిండు? ఇంగ్లీషోడు! మనోళ్లు తిరగబడితె వాని ఖజానా ఖాళీ అయింది, నింపుకోనీకి పెట్టిండు. ఇంగ్లీషోడు పోయిండు. వాడు పెట్టిన పన్ను ఎందుకు పోలే?”

“రైలు గూడ వాడే పెట్టిండు,” అన్నది లీలాబాయి. “రేపు పిల్లను దాంట్లనే నాగపూర్ తోల్కపోవాలె. పట్టాలు పీకేద్దామా?”

వెనక బెంచీ మీద నుంచి అంబదాస్ పెద్దగా నవ్వాడు. బోథ్‌లో ఎరువుల దుకాణం ఆయనది. దామోదర్‌రావుతో ఒకే బడిలో చదివాడు. తన రిటర్ను పని అయిపోయినా, ఈ తమాషా వదిలి లేచేటట్టు లేడు.

“నాకు పన్ను పడ్డది, నేను కట్టిన. నీ లెక్క లొల్లి చేసిన్నా, దామోదర్?”

“నువ్వు గొర్రెవు గన్క కట్టినవ్.”

“గొర్రెనే. కని బ్యాంకుకు పోతె గొర్రెకు కుర్చీ ఏసి చాయ్ తాపుతరు.”

దామోదర్‌రావు ముఖం ఎర్రబడింది. కరుణాకర్ వైపు తిరిగి చేతులు ఊపడం మొదలుపెట్టాడు. “రోడ్డు మీద పోతె టోలు. సబ్బు కొంటె జీఎస్టీ. డీజిల్ పోపిస్తె అండ్ల పన్ను. ఖర్చు పెట్టినప్పుడు తీసుకున్నోడు, సంపాయించినప్పుడు గూడ తీసుకునుడేంది? దీనికి నేను ఒప్పుకొని సంతకం పెట్టిన్నా?”

“పొద్దుగాల్నుంచి మూడు సార్లు చాయ్ అడిగిన్రు. దానికి నేనేడ సంతకం పెట్టిన?” అన్నది లీలాబాయి.

ఈయన మాటలన్నీ పత్తి అయ్యుంటే జిన్నింగు మిల్లు నిండేది. ఆమెకు ఇక ఓపిక లేదు. ఆయన చెయ్యి గాల్లో ఉన్న సందు చూసి, జేబులోంచి ఫోన్ లాగి, దూరంగా పట్టుకుని అంకెలు గబగబా చదివేసింది. కరుణాకర్ అంతకంటే గబగబా కొట్టేశాడు.

“ఇది జబర్దస్తీ!” దామోదర్‌రావు ఫోన్ గుంజుకున్నాడు.

“ఔ, జబర్దస్తీనే. కూసోండ్రి.”

ఆ తర్వాత అడగవలసినవన్నీ కరుణాకర్ ఆమెనే అడిగాడు. పత్తి, సోయా మీద ఎంత వచ్చింది, ఇంటి ముందు గదుల కిరాయి ఎంత, డిపాజిట్ల వడ్డీ ఎంత. ఆమె తడుముకోకుండా చెప్పింది. దామోదర్‌రావు గోడవైపు తిరిగి కూర్చుని, “రాయండ్రి, రాయండ్రి. హైకోర్టుల తేల్చుకుంట,” అని గొణుగుతూనే ఉన్నాడు.

కరుణాకర్ చేతులు ఆపి నవ్వాడు. “రావు సాబ్, మీ లొల్లి ఒడిసింది. పత్తి, సోయా మీద ఈ పన్నే లేదు. వ్యవసాయం జోలికి పోవద్దని రాజ్యాంగమే కేంద్రానికి చెప్పింది. కిరాయి, వడ్డీ కలిపినా పన్ను పడే హద్దు దాక రాలే. మీకు పన్ను సున్నా.”

లీలాబాయి గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఇంతేనా! ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చాయ్ చల్లారేదాకా కూర్చుని విన్నది పడని పన్ను గురించా!

“ఇంకొక్క ఓటీపీ చెప్తె రిటర్ను పోయినట్టే, అమ్మా,” అన్నాడు కరుణాకర్.

అంబదాస్ ఈసారి నవ్వలేదు. జాలిగా అన్నాడు. “పోనీలేరా, దామోదర్. అందరికి పడాలని ఏమున్నది?”

దామోదర్‌రావు గోడవైపు నుంచి మెల్లగా ఇటు తిరిగాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“సున్నానా? మంచిగ చూడు.”

“రెండు సార్లు చూసిన, సాబ్.”

ఆయన చేతిలో ఫోన్ టింగుమన్నది.

“చెప్పుండ్రి,” అన్నది లీలాబాయి. “బ్యాంకు మూస్తరు. ఇప్పుడింక మీకేం నొప్పి?”

ఆయన ఫోన్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, టేబుల్ మీదికి వంగి, వెనక బెంచీకి వినపడకుండా గొంతు తగ్గించాడు.

“చెప్త గని, కరుణాకర్... అంబదాస్‌కు ఎంత పడ్డదో, దానికంటె ఒక్క వెయ్యి ఎక్కువ నాకు రాయి.”