ముందు పలక

ఖల్ఫాన్ పాత పడవకి కొత్త ఇంజన్ వచ్చిన రోజు ఒడ్డున ఒకటే సందడి.

పాత ఇంజన్‌ని ఖల్ఫాన్ ఒక్కడే భుజాన వేసుకుని తెచ్చేవాడు. కొత్తదాన్ని నలుగురు మోశారు. నలుగురూ రొప్పారు.

అదే సమయానికి మస్కట్ బస్సు టీ కోసం ఆగింది. అందులోంచి ఓ ముసలాయన దిగాడు. భారీ మనిషి, చేతిలో సంచి. టీ కొట్టుకి వెళ్ళాల్సినవాడు ఒడ్డుకొచ్చి నిలబడ్డాడు.

"అబ్బాయ్, ఈ ఇంజన్ ఆ పడవకి బరువెక్కువ. వెనక కుంగిపోతుంది."

పక్క పడవ రువేషిద్ నోరు ఊరుకోదు. "అయితే ముందు బిగించమంటావా బాబాయ్? పడవ వెనక్కి నడుస్తుంది!"

అందరూ నవ్వారు. బస్సు హారన్ కొట్టింది. ముసలాయన ఎక్కలేదు.

మర్నాడు తెల్లవారేసరికి ముసలాయన ఖల్ఫాన్ పడవలో, ముందు కొసన ఉన్న అడ్డపలక మీద కూర్చుని ఉన్నాడు.

"నేనూ వస్తా," అన్నాడు.

ఆ తీరంలో అతిథిని కాదనరు. మూడు రోజుల దాకా నీ పేరేంటి, ఏ పని మీద వచ్చావు అని కూడా అడగరు. నాలుగో రోజు అడగొచ్చు. ఆ రోజు ఖల్ఫాన్ చేపల హడావుడిలో మరిచిపోయాడు. ఐదో రోజుకి, ఒకే పళ్ళెంలో అన్నం తిన్న మనిషిని ఇప్పుడా పేరడిగేది అని సిగ్గేసింది. అలా రెండు నెలలు గడిచిపోయాయి.

ముసలాయన వలల పాకలో పడుకునేవాడు. సంచి విప్పిన పాపాన పోలేదు, తల కింద పెట్టుకునేవాడు.

సముద్రం మీద ఒక్క పనీ చెయ్యడు. వల ముట్టడు. ముందు పలక మీద కూర్చుని, ముఖం వెనక్కి తిప్పి, ఇంజన్ దగ్గరున్న ఖల్ఫాన్‌నే చూస్తుంటాడు.

"బాబాయ్, ఇటొచ్చి టీ తాగు."

"అక్కణ్ణుంచే అందించు నాయనా."

వంజరాలు పడితే అదో గొడవ.

"చేపలు నా కాళ్ళ దగ్గర పొయ్యి."

"వెనకే ఉండనీ బాబాయ్, చేతికి అందుతాయి."

"ఇటు పొయ్యి అంటుంటే!"

ముసలితనం మొండితనం అనుకుని, గొణుక్కుంటూ మోసుకెళ్ళి పోసేవాడు ఖల్ఫాన్.

ఒక రోజు రువేషిద్ నలుగురిలో అననే అన్నాడు. "ఏం ఖల్ఫాన్, కొత్త ఇంజన్ కొన్నది ఈ షేక్ గారిని షికారు తిప్పడానికా?"

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

తెల్లారగానే చెప్పేశాడు. "బాబాయ్, ఇవాళ దిగు. నేనొక్కణ్ణే వెళ్తా."

ముసలాయన ముఖం పాలిపోయింది. "ఒక్కడివీ వెళ్ళకు."

"నువ్వొచ్చి చేసే పనేంటి చెప్పు?"

"పోనీ, ఈ పలక కింద మూడు బస్తాల ఇసుకన్నా వేసుకో."

"సముద్రంలోకి ఇసుక మోసుకెళ్ళమంటావా? ఉన్న నవ్వులాట చాల్లేదా?"

ముసలాయన దిగాడు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి పడవ కొసని పట్టుకునే ఉన్నాడు. ఇంజన్ గట్టిగా లాగితే గానీ చెయ్యి వదల్లేదు.

ఒడ్డు కనుమరుగయ్యాక, వల తీద్దామని ఖల్ఫాన్ ఇంజన్ ఆపాడు. పాదాలు తడిశాయి.

లోపలి నీళ్ళు బయటికి పోవడానికి పడవ వెనక రెండు చిల్లులుంటాయి. ఆ రెండూ ఇప్పుడు సముద్రంలో మునిగి ఉన్నాయి. నీళ్ళు లోపలికొస్తున్నాయి.

గుడ్డలు కుక్కాడు. ఈలోగా ఓ అల వెనక చెక్క దాటి వచ్చి పడింది. తర్వాత ఇంకోటి. ఇంజన్ అందుకుందామని అటు వెళ్ళినప్పుడల్లా తన బరువు కూడా తోడై వెనక మరింత కుంగుతోంది.

ప్రాణభయంతో ముందుకి పాకాడు. పలక ఎక్కి కూర్చున్నాడు.

వెనక నాలుగు వేళ్ళు పైకి లేచింది. అలలు చెక్క దాటడం మానేశాయి.

అప్పుడు అర్థమైంది, ముసలాయన రెండు నెలలుగా ఏం పని చేశాడో.

లేస్తే మునుగుతాడు. అందుకని మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాడు. ఎదురుగా ఖాళీ పడవ, ఇంజన్ దగ్గర మనిషి లేడు. అంత ఒంటరితనం భార్య పోయిన రోజు కూడా ఎరగడు.

చివరికి రువేషిద్ చూసి తాడు కట్టి లాక్కొచ్చాడు. ఈసారి ఎగతాళి చెయ్యలేదు.

ఒడ్డున, ఖల్ఫాన్ రోజూ పడవ ఆపే చోట, మూడు ఇసుక బస్తాలు నిలబెట్టి ఉన్నాయి. మూతులు గట్టిగా బిగించి కట్టి ఉన్నాయి.

పాకకి పరిగెత్తాడు. సంచి లేదు. మనిషీ లేడు.

సాయంత్రం మస్కట్ బస్సు తిరిగొచ్చేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు.

"ముసలాయన ఏడీ?" అని డ్రైవర్ని అడిగాడు.

"మస్కట్‌లో దించా. రెండు నెలల కింద చెయ్యాల్సిన ప్రయాణం, ఇవాళ చేశాడు. కూతురి దగ్గరికట."

"ఆమె ఇల్లెక్కడ?"

"నాకు తెలీదు."

"పోనీ, ఆయన పేరేంటి?"

డ్రైవర్ విచిత్రంగా చూశాడు. "ఇన్నాళ్ళూ అన్నం పెట్టి పేరే అడగలేదా? మా ఊరాయనే. సుహైల్ వాళ్ళ నాన్న అంటాం."

ఖల్ఫాన్‌కి ప్రాణం లేచొచ్చింది. "అయితే ఆ సుహైల్‌ని అడుగుదాం. తోబుట్టువు ఇల్లు తెలీకుండా ఉంటుందా? ఎక్కడుంటాడతను?"

డ్రైవర్ ఒడ్డున వెనక్కి వాలి ఉన్న పడవనీ, దాని ఇంజన్‌నీ చూశాడు.

"సుహైల్ ఎక్కడున్నాడయ్యా! పోయినేడు వాడి పాత పడవకి ఇలాంటి బరువు ఇంజనే తన చేతుల్తో బిగించి, వాణ్ణి ఒక్కణ్ణే సముద్రం మీదికి పంపింది ఆయనే."