బల్ల వెనక పలకలు

ఆ వీధిలో ఒకప్పుడు అన్నీ నేతగాళ్ల ఇళ్లే. ఇప్పుడు కింద దుకాణాలు, పైన అద్దె వాటాలు. అక్కాచెల్లెళ్లిద్దరు గుండీల కొట్టు పెట్టిన ఇంట్లో, బల్ల వెనకే పాత మగ్గం గుంట ఉండేది. నేతగాడు కాళ్లు దించి మగ్గం తొక్కే గుంట అది. మేస్త్రి దాన్ని ఇసుకతో పూడ్చి, పైన రాతిపలకలు పరిచాడు.

మొదటి రాత్రి కొట్టు మూసి సర్దుతుంటే, అక్క కుడికాలి కింది పలక మెత్తగా దిగింది. ఎడమకాలి కిందిది లేచింది. ఆమె గభాలున పక్కకు జరిగింది. అయినా పలకలు ఆగలేదు. కుడి, ఎడమ, మళ్లీ కుడి. కాస్తంత చప్పుడైనా లేదు.

మేస్త్రికి ఫోన్ చేసింది. "గుంట సరిగ్గా పూడ్చావా?"

"ఎంత ఇసుక పోసినా నిండలేదమ్మా. విసుగొచ్చి పైన పలకలు పరిచేశా."

ఫోన్ పెట్టి తిరిగేసరికి, మేడ దిగి వచ్చిన చెల్లి ఆ పలకల మీదే నిలబడి ఉంది. మోకాళ్లు ఒకదాని తర్వాత ఒకటి వంగుతున్నాయి.

"ఒసేయ్, ఇటు రావే!"

"ఉండక్కా. కింద ఎవరో నా పాదాలు పట్టుకుని నేర్పిస్తున్నారు. ఇప్పుడిప్పుడే పట్టుబడుతోంది."

అక్క రెండు చేతులా ఆమె నడుం పట్టి లాగింది. చెల్లి ఒళ్లంతా ఇటు వంగింది. పాదాలు మాత్రం తొక్కుతూనే ఉన్నాయి.