ఎండకి వెలిసిన నంబరు

కూటా సముద్రతీరంలో కావలివాళ్ల ఈల వినిపించింది.

చాప మీద పడుకున్న విదేశీ దొరగారి పాదానికి కొబ్బరినూనె పట్టిస్తున్న రెంపి అవ్వ చటుక్కున లేచింది.

"ఎక్కడికవ్వా?" అంది పక్క చాప మీదున్న సుకెర్తి.

"ఒంటికొస్తోందే పిల్లా. కాస్త ఈ కాలు కూడా పట్టెయ్యి."

వెదురు టోపీ ముఖం మీదికి లాక్కుని, చెట్ల వెనక్కి గబగబా వెళ్లిపోయింది. డెబ్బై దాటిన మనిషికి అంత నడక ఎక్కడిదో!

"ఈల మోగితే చాలు, ముసల్దానికి ఒంటికొస్తుంది," అని గొణిగింది సుకెర్తి. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు.

కావలివాళ్లు వరసగా అందరి టోపీల మీది నంబర్లు చూసుకుంటూ పోయారు. ఒళ్లు పట్టే ఆడవాళ్ల సంఘం ఇచ్చిన నంబరు లేనిదే ఆ ఇసుకలో ఎవరి ఒళ్లూ పట్టకూడదు. సుకెర్తిది అరవై నాలుగు.

ఆ నంబరే ఆమెకు అన్నం. రెండేళ్ల కిందట కారంగాసెం కొండల నుంచి ఐదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చినప్పుడు, "ఖాళీ లేదమ్మా, ఎవరైనా మానేస్తే చెప్తా," అంది సంఘం పెద్ద దర్మిని.

సుకెర్తి ఇసుకలో కూలబడి ఏడ్చింది. అప్పుడు రెంపి అవ్వే అరిటాకు పొట్లం విప్పి, తన అన్నంలో సగం పాపకు పెట్టింది.

నాలుగో రోజు దర్మిని పిలిచి కొత్త టోపీ చేతిలో పెట్టింది.

అంతా వరుణదేవుడి చలవ అనుకుంది సుకెర్తి. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే కొబ్బరాకు దొన్నెలో పూలు పెట్టి సముద్రానికి దణ్ణం పెడుతోంది.

కావలివాళ్లు అటు వెళ్లాక అవ్వ తాపీగా తిరిగొచ్చింది. ఈలోగా సుకెర్తి కోసం వచ్చిన దొరసాని చూసి చూసి వెళ్లిపోయింది.

సుకెర్తికి ఒళ్లు మండింది.

"నీ టోపీ మీద నంబరేదవ్వా? కనబడి చావదే!"

"ఎండకి వెలిసిపోయిందే."

"రంగు వేయించుకోరాదూ?"

"వేయించుకుంటాలే. తొందరేముంది?"

"నీకెలాగూ పనికి ఒళ్లు వంగదు. ఆ నంబరేదో అవసరమున్నదానికి ఇచ్చేసి ఇంట్లో కూర్చోకూడదా?"

అవ్వ ఆకువక్కతో పండిన నోరు తెరిచి పకపకా నవ్వింది.

"ఇస్తాలేవే, ఇస్తాలే."

మర్నాడు అవ్వ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నిద్రలోనే పోయిందని మూడో రోజు కబురొచ్చింది.

సుకెర్తి కుమిలిపోయింది. ఎన్ని మంచి మాటలున్నాయి లోకంలో! ఆఖరికి అదా తను అన్న మాట?

మంచిరోజు చూసి పెట్టిన దహనానికి ముందురోజు సుకెర్తి, అవ్వ టోపీనీ, పసుపు రంగు డబ్బానీ పట్టుకుని దర్మిని దగ్గరికి వెళ్లింది.

"దీన్ని కూడా అవ్వతో చితిలో పెడదామక్కా. నంబరు లేకుండా పంపితే పైన కావలివాళ్లు ఆపేస్తారేమో."

ఏడుస్తూనే నవ్వబోయింది.

"ఎంతక్కా అవ్వ నంబరు? నేనే రాస్తాను."

దర్మిని రంగు డబ్బా అందుకుని పక్కన పెట్టేసింది.

"తను బతికుండగా నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుందే అవ్వ," అంది.

చెయ్యి చాపి, సుకెర్తి తలమీది టోపీని మెల్లగా సర్దింది.

"అరవై నాలుగమ్మా," అంది.